మూడు పనులు చేస్తే నిలకడ లేనట్టేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. ఇప్పటి పిల్లలు ఒక ఉద్యోగంలో కుదురుగా ఉండరని, పొద్దున ఒక పని సాయంత్రం ఇంకో పని అంటూ తిరుగుతారని, దానికి ఫ్రీలాన్స్ అని పేరు పెట్టుకున్నారని ఆయన బాధ. మనవల మీద దిగులుతో రాశారని తెలుస్తూనే ఉంది, అందుకే నాకు కోపం రాలేదు. కానీ జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే ఆయన చెప్పిన ఆ మనిషిని నేనే. నేను వయొలిన్ వాయిస్తాను. షాపులకీ చిన్న కంపెనీలకీ ప్రకటనలు రాస్తాను. యంత్రాలకీ సాఫ్ట్‌వేర్‌కీ మాన్యువల్స్, అంటే ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాస్తాను. పదకొండేళ్ళుగా విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో అద్దె ఇంట్లో, అమ్మతోటీ ఏడో తరగతి చదివే పాపతోటీ, ఈ మూడింటి మీదే బతుకుతున్నాను.

మా నాన్న గుంటూరు జిల్లాలో కౌలుకి చేసేవాడు. పత్తి చేలో మధ్య మధ్య కంది సాళ్ళు వేసేవాడు. పత్తికి పురుగు పట్టిన ఏడాది ఆ కందులే మమ్మల్ని గట్టెక్కించాయి. ఆయన్ని చూసి ఎవరూ నిలకడ లేని మనిషి అనలేదు, ముందుచూపు ఉన్నవాడు అన్నారు. నేను చేస్తున్నదీ అదే సేద్యం అని ఆ పెద్దాయనకి చెప్పాలనుంది.

ఎలాగంటే, వయొలిన్‌కి పెళ్ళిళ్ళ సీజన్ ముఖ్యం. రిసెప్షన్లో రెండు గంటలు వాయిస్తే వచ్చే డబ్బు, నెలంతా పిల్లలకి పాఠం చెప్పినా రాదు. కానీ మూఢం వచ్చిందంటే ముహూర్తాలు లేవు, ఆషాఢంలో అసలే లేవు. సరిగ్గా ఆ ఆషాఢంలోనే కదా బెజవాడలో బట్టల షాపులన్నీ డిస్కౌంట్లు పెట్టేది! జ్యేష్ఠం ఆఖరికే నాకు ఫోన్లు మొదలవుతాయి, కరపత్రం కావాలి, ఆటోకి కట్టే మైకులో వేసే మాటలు కావాలి, ఇరవై సెకన్ల జింగిల్, అదే ప్రకటన పాట, కావాలి అని. వయొలిన్ పెట్టెలో ఉన్న నెలలో ప్రకటనల పని ఇల్లు నడుపుతుంది. మాన్యువల్స్‌కి ముహూర్తంతో సంబంధం లేదు. కంపెనీ కొత్త మెషిన్ తెచ్చినప్పుడల్లా, సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడల్లా ఆ పని ఉంటుంది. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు లేకపోయినా గుళ్ళలో కచేరీలు ఉంటాయి, దసరాకి ఇంద్రకీలాద్రి మీద కార్యక్రమాలు ఉంటాయి, వాటిలో డబ్బు తక్కువే అయినా నేను వదులుకోను.

ఒకే ఉద్యోగం పట్టుకుని ఉండొచ్చు కదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఒకప్పుడు అలా కుదిరేది. విజయవాడలో రేడియో స్టేషన్ 1948లో వచ్చింది. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి అందులో నిలయ విద్వాంసులుగా నెల జీతం దొరికేది, ఆ జీతం ఉండబట్టే పెద్ద పెద్ద విద్వాంసులు ఈ ఊళ్ళోనే ఉండి వాయించారు, పాఠం చెప్పారు. బాలమురళీకృష్ణ గారు ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది. 2021లో పద్మశ్రీ అందుకున్న అన్నవరపు రామస్వామి గారి వయొలిన్ విని పెరిగిన ఊరు. కానీ నాతో కలిసి సంగీతం నేర్చుకున్నవాళ్ళలో ఒక్కరికి కూడా అలాంటి నెల జీతం దొరకలేదు. ఒకప్పుడు డ్యాన్స్ ప్రోగ్రాం అంటే నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్ అందరూ స్టేజీ పక్కన కూర్చునేవాళ్ళు, ఇప్పుడు చాలా చోట్ల రికార్డు చేసిన పాట పెట్టి ఆడిస్తున్నారు. మాలో కొందరు వాయిద్యం అటక మీద పెట్టేసి పూర్తిగా వేరే ఉద్యోగంలోకి వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పు పట్టను. నేను మాత్రం వదల్లేకపోయాను, వదలకుండా ఉండటానికే మిగతా రెండు పనులు నేర్చుకున్నాను.

నేర్చుకున్నాక తెలిసింది, ఆ రెండూ నాకు కొత్త పనులేం కావని. పక్కవాయిద్యం వాయించేవాళ్ళకి మొదటి పని వినడం. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, సంగతి ఎటు తిప్పబోతున్నాడో విని, ఆయన వదిలిన చోట అందుకోవాలి, ఆయన పాడుతున్నప్పుడు పైకి పోకూడదు. షాపు ఓనరు చెప్పేది అలా వింటే చాలు, ప్రకటనలో సగం మాటలు ఆయన నోట్లోంచే వస్తాయి. జింగిల్ సంగతి చెప్తాను. ఫోన్ నంబరు పది అంకెలు పాటలో పడాలి, విన్నవాడికి గుర్తుండాలి. మామూలుగా చతురశ్రంలో, అంటే నాలుగేసి లెక్కలో పెడితే రెండు అంకెలు బయటికి వేలాడతాయి. నేను ఖండ నడకలో, అంటే అయిదేసి లెక్కలో పెడతాను, తకతకిట తకతకిట, అయిదూ అయిదూ పది. గాంధీనగర్‌లో ఒక చిన్న టిఫిన్ సెంటర్‌కి అలా చేస్తే, ఆ వీధి పిల్లలు ఆ నంబరు పాడుకుంటూ బడికి వెళ్ళారు. నాకు కచేరీలో చప్పట్లు కొట్టినంత సంతోషం వేసింది.

మాన్యువల్ పని చాలామందికి తెలియదు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. ఆటోనగర్‌లో టిప్పర్ బాడీలు కట్టే ఒకచోట హైడ్రాలిక్ లిఫ్టు వాడే పద్ధతి తెలుగులో రాసిపెట్టమన్నారు. ఇంగ్లిష్ కాగితం ఇచ్చారు, దాన్ని తెలుగు చేసేసి డబ్బు తీసుకుని రావచ్చు. నేను మూడు రోజులు వెళ్ళి షెడ్డులో కూర్చున్నాను. ఆ ఇంగ్లిష్ కాగితంలో బాడీ పైకి లేపి ఆయిల్ పైపులు ఎలా చూడాలో ఆరు మెట్లలో చెప్పి, చివర్లో ఏడోదిగా, కిందకి వెళ్ళే ముందు సపోర్ట్ రాడ్డు పెట్టాలి అని ఉంది. అక్కడి పెద్ద మేస్త్రీ అది నాతో చదివించుకుని విని, “కుర్రాడు ఏడోది చదివేదాకా ఆగడమ్మా, నాలుగోది చూడగానే కిందకి దూరేస్తాడు. రాడ్డు మాట ముందు చెప్పాలి” అన్నాడు. లేపిన బాడీ కింద రాడ్డు లేకుండా మనిషి ఉన్నప్పుడు పైపు ఊడితే ఏమవుతుందో ఆయన చూశాడట. ఎప్పుడు, ఎక్కడ అని నేను అడగలేదు, ఆయన మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు. ఆ రాత్రి మొత్తం తిరగరాశాను. బండి చదునైన చోట ఆపు. బాడీ ఖాళీ చెయ్యి. బాడీ లేపు. సపోర్ట్ రాడ్డు పెట్టు, పెట్టాక ఒకసారి చేత్తో కదిపి చూడు. అప్పుడు కిందకి వెళ్ళు. ఒక వాక్యానికి ఒకటే పని, ప్రమాదం మాట ఆ పనికంటే ముందు. టెక్నికల్ రైటింగ్ అంటే ఇదే. ఇప్పుడు కొందరు “ఏఐతో రాయించుకుంటాం, మీకెందుకు ఇవ్వాలి” అంటున్నారు. రాయించుకోండి, కానీ ఆ మేస్త్రీ మాట దానికి ఎవరు చెప్తారు? ఆ షెడ్డులోకి వెళ్ళి కూర్చునే మనిషి ఒకరు కావాలి కదా.

ఇక అసలు విషయం. మా పనిలో కష్టం నిలకడ లేకపోవడం కాదు, చేసిన పనికి డబ్బు రాకపోవడం.

2024 ఫిబ్రవరిలో ఒక కంపెనీకి మాన్యువల్ పూర్తిచేసి అరవై రెండు వేలకి బిల్లు పంపాను. పేరు రాయను, ఇప్పుడు వాళ్ళతో గొడవేమీ లేదు. పని బాగుందని మెచ్చుకున్నారు. మార్చి ఎండింగ్ అన్నారు, ఏప్రిల్‌లో ఓనరు ఊళ్ళో లేరన్నారు, ఆ తర్వాత అకౌంట్స్‌లో మనిషి మారాడన్నారు. ఫోన్ చేసిన ప్రతిసారీ నేనేదో అప్పు అడుగుతున్నట్టు ఉండేది. సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగి నీళ్ళు మా ఇంట్లోకి వచ్చాయి. అమ్మనీ పాపనీ పై వాటాలోకి ఎక్కించి కిందకి దిగేసరికి మోకాలి దాకా వచ్చేశాయి. వయొలిన్ అటక మీద పెట్టగలిగాను. లాప్‌టాప్, మైకు, కీబోర్డు పోయాయి. వయొలిన్ తడవలేదు అనుకున్నాను కానీ, వారం పైన ఇల్లంతా ఆ తేమ, పెట్టె తెరిచి చూస్తే పక్క అతుకు జిగురు వదిలేసి నోరు తెరుచుకుని ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోతోంది. వరదొచ్చినా ఉద్యోగస్తుడికి ఒకటో తారీఖున జీతం పడుతుంది, నాకు పని చేస్తేనే డబ్బు, పని చేద్దామంటే సామాను లేదు. సామాను కొనడానికి కావలసిన డబ్బు నాదే, ఏడు నెలల క్రితం కష్టపడి సంపాదించుకున్నదే, ఇంకొకరి ఖాతాలో ఉంది. పాప చెవి కమ్మలు కుదువ పెట్టి లాప్‌టాప్ తెచ్చుకున్నాను. ఆ పెద్దాయన ఈ సంగతి తెలిస్తే నా నిలకడ గురించి అలా రాసేవారు కాదని నమ్ముతున్నాను.

అప్పుడు నా పన్ను రిటర్ను వేసే ఆడిటర్ గారు ఒక మాట అడిగారు, “మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కదమ్మా, నలభై అయిదు రోజుల రూలు వాళ్ళకి చెప్పారా?” అని. చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవడమే ఆ రిజిస్ట్రేషన్, ఎప్పుడో ఎవరో చెప్తే ఆధార్, పాన్ పెట్టి ఆన్‌లైన్లో చేసుకున్నాను, పైసా ఖర్చు కాలేదు. దానితో ఏం వస్తుందో మాత్రం నాకు తెలియదు. చిన్న, సూక్ష్మ సంస్థల కోసం 2006లో చట్టం ఉంది. అందులో సర్వీసులు చేసేవాళ్ళు కూడా వస్తారు, అంటే నాలాగా ఒక్క మనిషి ఇంట్లో కూర్చుని చేసే పని కూడా. పని తీసుకున్నవాళ్ళు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతలు చొప్పున చక్రవడ్డీ కట్టాలి. ఇంకోటి కూడా ఉంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువులో ఇవ్వని ఆ బిల్లుని పని చేయించుకున్నవాళ్ళు పన్ను లెక్కలో ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి లేదు, డబ్బు ఇచ్చిన ఏడాదిలోనే చూపించుకోవాలి. అంటే నాకు ఇవ్వకుండా ఉంచుకున్న డబ్బు మీద వాళ్ళే పన్ను కట్టుకోవాలి.

ఆ రాత్రే నా ఉద్యమ్ నంబరు వేసి, కొత్త బిల్లు కాపీ జతచేసి, మర్యాదగా ఒక పేజీ ఉత్తరం రాశాను. వాళ్ళ ఆడిటర్ చూసి ఉంటారు. తొమ్మిదో రోజున అసలు మొత్తం పడింది. వడ్డీ అడగలేదు, అడిగి ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది.

అందుకని నేను కోరేది ఇది. ఆటోనగర్‌లో, బీసెంట్ రోడ్డులో, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల వ్యాపారం చేసే పెద్దలు చెడ్డవాళ్ళని నేను అనడం లేదు, వాళ్ళలో చాలామందికి ఈ రూలు ఉందనే తెలియదు. లారీ బాడీకి రేకు ఇచ్చినవాడికి గడువు పెట్టుకుని డబ్బు కడతారు, కరపత్రం రాసినవాళ్ళకి, ట్యూన్ కట్టినవాళ్ళకి మాత్రం “చూద్దాంలేమ్మా” అంటారు. మాటలూ పాటా సరుకులా కంటికి కనపడవు కాబట్టి అలా అవుతోంది. మీ పత్రికలో వ్యాపారం పేజీలో ఒక్కసారి ఈ రూలు గురించి తేలిక తెలుగులో వేయండి, చదివే ఓనర్లు వేలమంది ఉంటారు. సంగీత కళాశాల వాళ్ళకీ ఒక మనవి. చివరి ఏడాది పిల్లలకి ఒక పూట కూర్చోబెట్టి బిల్లు ఎలా రాయాలో, ఒప్పందం అంటే ఏమిటో, ట్యూన్ ఇచ్చేటప్పుడు అది ఎన్నిచోట్ల ఎన్నాళ్ళు వాడతారో కాగితం మీద ఎలా రాయించుకోవాలో చెప్పించండి. నాకు ఒక షాపుతో ఈ కాగితం లేకే తర్వాత మాట్లాడటానికి నోరు లేకుండా పోయింది. వర్ణం రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, వాయించడానికి ఏళ్ళు పెట్టే పిల్లలకి ఇది ఒక్క పూట పని.

కొత్తగా ఈ దారిలోకి వచ్చేవాళ్ళు పని ఒప్పుకునే ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, బిల్లు డబ్బు ఆగిపోయాక కాదు. మూడోవంతు అడ్వాన్సు అడగడానికి మొహమాటపడకండి. నేను ఇప్పుడు అడుగుతున్నాను, ఒక్కరు మాత్రం కుదరదన్నారు, ఆ పని వదులుకున్నాను.

వయొలిన్ అతుకు వేయించాను. నాదం కొంచెం మారింది, మంద్రంలో, అంటే కింది స్వరాల్లో, మునుపటంత నిండుగా లేదు, రోజూ వాయిస్తే కుదురుకుంటుందని బాగుచేసినాయన చెప్పాడు. పొద్దున అయిదింటికి లేచి గంటన్నర వాయించి, ఆ తర్వాతే లాప్‌టాప్ తెరుస్తున్నాను. ఈ జ్యేష్ఠంలో రెండు షాపుల పని ఒప్పుకున్నాను, రెండింటికీ ఒప్పంద పత్రం మీద సంతకాలు అయ్యాయి.

ఇట్లు,
ఒక వయొలిన్ కళాకారిణి,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ.
(పేరు ప్రచురించవద్దని మనవి.)