పరుపు లోపల ఏముందో బిల్లు మీద రాయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పండగ దగ్గర పడిందంటే మీ జిల్లా పేజీల్లో పరుపుల ఆఫర్లు వరుసగా కనబడతాయి. పాతది ఇచ్చి కొత్తది తీసుకెళ్లండి, రెండు దిండ్లు ఉచితం అని రాస్తారు. మెమొరీ ఫోమ్ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ పరుపులో మెమొరీ ఫోమ్ ఎన్ని అంగుళాలుందో, దాని కింద ఏం పెట్టారో మాత్రం నేను చూసిన ఏ ప్రకటనలోనూ లేదు. కొనేవాళ్లకు ముందుగా కావాల్సిన వివరం అదే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో తిరుమల ఘాట్ డ్రైవర్‌గా పనిచేసి రిటైరయ్యాను. రెండో ఘాట్‌లో ఎక్కడం, మొదటి ఘాట్‌లో దిగడం, అదే నా ఉద్యోగం. దిగేటప్పుడు ఆ మలుపుల్లో స్టీరింగ్‌తో పాటు నడుమూ తిరుగుతుంది. నాతో పనిచేసినవాళ్లలో నడుం నొప్పి లేనివాళ్లు బాగా తక్కువ. మా ఆవిడకు మోకాళ్ల ఆపరేషన్ అయింది, ఆమె పక్కకు తిరిగి పడుకుంటేనే నిద్రపడుతుంది. ఇంట్లో ఉన్న బూరుగుదూది పరుపు గడ్డలు కట్టింది. ఇదివరకు దూది ఏకేవాళ్లు వీధిలోకి వచ్చి, ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చి వెళ్లేవాళ్లు. ఇప్పుడు తిరుపతిలో మేముండే కొర్లగుంటలో వాళ్లు కనబడడం లేదు. అలా కొత్త పరుపు కోసం తిలక్ రోడ్డు, ఎయిర్ బైపాస్ రోడ్డు తిరిగాం. చిత్తూరులో మా బావమరిది ఇంటికి వెళ్లినప్పుడు అక్కడి షాపులూ చూశాం.

షాపుల్లో కుర్రాళ్లు మెమొరీ ఫోమ్‌ను వ్యోమగాముల కోసం కనిపెట్టారని చెబుతారు. నాసాతో సంబంధం ఉన్న మాట నిజమే. 1966లో నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు దీన్ని తయారు చేశాడు. అయితే అది విమానం సీట్ల కోసం. కూర్చున్నవాళ్ల బరువంతా ఒకేచోట నొక్కకుండా, గట్టి కుదుపు వచ్చినా దెబ్బ తగ్గేలా ఉండాలని. ఒక స్వీడన్ కంపెనీ దీన్ని పరుపుగా మార్కెట్లోకి తెచ్చేసరికి 1991 వచ్చింది. జీవితమంతా సీటు మీద గడిపినవాణ్ణి కాబట్టి ఆ సంగతి నాకు చాలా నచ్చింది. ఒంటి వేడికి మెత్తబడి, భుజమూ తుంటీ ఆనినచోట కొంచెం దిగి, నడుం దగ్గర ఆసరాగా నిలబడడం ఈ ఫోమ్ గుణం. మంచి సరుకు. నా బాధంతా దాన్ని అమ్ముతున్న తీరు గురించే.

తిరుపతిలో ఒక షోరూంలో ఆరంగుళాల మెమొరీ ఫోమ్ పరుపు అని చూపించారు. కవరుకు జిప్పు ఉంది, ఒకసారి తీసి చూపించమన్నాను. ఆ అబ్బాయి కాసేపు తటపటాయించి, మేనేజర్‌ను అడిగొచ్చి తీశాడు. పైన ఒక్క అంగుళం మెమొరీ ఫోమ్, దాని కింద ఐదంగుళాలూ రంగురంగుల ముక్కలు అతికించిన ఫోమ్. దాన్ని రీబాండెడ్ అంటారు. ఫ్యాక్టరీల్లో మిగిలిన తుక్కు ఫోమును తరిగి, జిగురు కలిపి, నొక్కి అచ్చుపోస్తారు. గట్టిగా ఉంటుంది, దాని అవసరం దానికి ఉంది. కానీ ఆరంగుళాల మెమొరీ ఫోమ్ అని చెప్పి దాన్ని ఇవ్వడం ఏం న్యాయం? మేనేజర్‌ను అడిగితే, "అందరూ ఇట్లాగే అమ్ముతారు సార్" అన్నాడు. మేం బయటికి వచ్చేశాం.

ఇక్కడ చదివేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మెమొరీ ఫోమ్ ఒక్కటే పరుపు కాదు. మొత్తం అదే అయితే మనిషి దిగబడిపోతాడు. మంచి పరుపులో పైన రెండు మూడు అంగుళాలు మెమొరీ ఫోమ్, కింద బరువు మోయడానికి హెచ్‌ఆర్ ఫోమో (నొక్కితే వెంటనే పైకి లేచే గట్టి రకం), ఇంకో గట్టి పొరో ఉంటాయి. కాబట్టి పొరలు ఉండడం తప్పేమీ కాదు. ఏ పొర ఎంత మందమో, దాని డెన్సిటీ ఎంతో చెప్పాలి. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నది. మెమొరీ ఫోమ్ అయితే కనీసం యాభై దగ్గర్లో ఉన్నది తీసుకోవాలన్నది నా అభిప్రాయం. అంతకు బాగా తక్కువైతే మొదట్లో మెత్తగా హాయిగానే ఉంటుంది, కొన్నాళ్లకు పడుకున్న చోట గుంట పడుతుంది.

దీన్ని లెక్క కట్టి చూసుకోవచ్చు. 78 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు పరుపులో రెండంగుళాల మెమొరీ ఫోమ్, డెన్సిటీ 50 అయితే, ఆ ఒక్క పొరే ఏడున్నర కిలోల పైన తూగాలి. కింద 32 డెన్సిటీ ఫోమ్ నాలుగంగుళాలుంటే దానికి ఇంకో పది కిలోల దాకా కలపాలి. పరుపంతా కలిపి పది పన్నెండు కిలోలే ఉంటే చెప్పిన డెన్సిటీ అందులో లేనట్టే. అలాగని బరువు ఒక్కటే చూసి మోసపోకూడదు. ముక్కల ఫోమ్ కూడా బాగా బరువుంటుంది. అందుకే జిప్పు తీసి చూడాలి, పొరల వివరం అడగాలి, బరువు అడగాలి. అరచేత్తో పైన గట్టిగా నొక్కి తీయండి. మెమొరీ ఫోమ్ అయితే చేతి గుర్తు కొన్ని క్షణాలుండి మెల్లగా పైకి వస్తుంది. మామూలు ఫోమ్ వెంటనే లేస్తుంది.

మా ఊరివాళ్లు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఎండ సంగతి. మే నెలలో తిరుపతి, రేణిగుంట ఎండ ఎలా ఉంటుందో మీ పాఠకులకు చెప్పనక్కర్లేదు, నలభై డిగ్రీలు దాటడం మామూలే. షోరూంలో ఏసీ వేసి ఉంటుంది. వేడికి మెత్తబడి, చల్లదనానికి గట్టిపడే సరుకు ఇది. ఏసీలో సరిపోయినట్టు అనిపించిన పరుపు, ఏసీ లేని మిద్దె ఇంట్లో మే నెల రాత్రి ఇంకా దిగుతుంది. పైగా ఒంటికి అతుక్కున్నట్టు ఉంటుంది కాబట్టి గాలి ఆడదు, వీపు చెమట పడుతుంది. జెల్ కలిపాం, చల్లగా ఉంటుంది అంటారు. చెయ్యి పెట్టినప్పుడు చల్లగానే ఉంటుంది, పడుకున్న కాసేపటికి అదీ ఒంటి వేడికి వచ్చేస్తుంది. ఏసీ లేని ఇళ్లవాళ్లకు నేను చెప్పేది ఇది: మెమొరీ ఫోమ్ మీద మనసుంటే పై పొర రెండంగుళాలకు మించనివ్వకండి, మామూలు నూలు దుప్పటి వేసుకోండి, ప్లాస్టిక్, రెగ్జిన్ కవర్లు వేయకండి. ఇంట్లో ఉన్న కొబ్బరి పీచు పరుపు ఇంకా గట్టిగా ఉంటే, దాని మీద పరుచుకునే రెండంగుళాల మెమొరీ ఫోమ్ పొర విడిగా దొరుకుతుంది. ఖర్చు చాలా తగ్గుతుంది. పీఎఫ్ ద్వారా వచ్చే ఈపీఎస్ పెన్షన్ మీద బతికే మాలాంటివాళ్లకు ఆ తేడా చిన్నది కాదు.

నడుం నొప్పి ఉందని తెలిస్తే చాలు, చాప మీద పడుకో, బల్ల మీద పడుకో అని ప్రతి ఒక్కరూ చెబుతారు. షాపులవాళ్లు ఆర్థో అని రాసి ఉన్న పలకలాంటి పరుపు ముందు పెడతారు. ఆ ఆర్థో అన్నది ఏ డాక్టరో పరీక్షించి వేసిన ముద్ర కాదు. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ డాక్టర్ల పరిశోధన ఒకటి వచ్చింది. చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందికి, కొందరికి బాగా గట్టి పరుపులు, మిగిలినవాళ్లకు మధ్యరకం గట్టివి ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యరకం వాటి మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువగా తగ్గింది. నన్ను చూసిన ఎముకల డాక్టరు కూడా నేల వద్దు, మరీ మెత్తనిదీ వద్దు అన్నారు.

అయినా ఒకరికి సరిపోయింది పక్కవాళ్లకు సరిపోదు. వెల్లకిలా పడుకునే నాకు కొంచెం గట్టిది కావాలి. పక్కకు పడుకునే మా ఆవిడకు భుజం, తుంటి దిగే మెత్తదనం కావాలి. అందుకని ఒకే పెద్ద పరుపు కాకుండా, 72 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పువి వేర్వేరు రకాలు రెండు తీసుకుని పక్కపక్కన వేసుకున్నాం. ఇద్దరికీ నిద్ర బాగుంది. దంపతులకు ఈ సలహా ఏ షాపులోనూ ఎవరూ ఇవ్వలేదు, ఆలోచన ఆమెదే. ఎత్తు సంగతి కూడా ఆమే పట్టుకుంది. "ఏమండీ, ఇంత ఎత్తయితే నా కాళ్లు నేలకు ఆనవు, రాత్రిపూట లేవడం ఎట్లా?" అంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మంచం ఎత్తూ పరుపు మందమూ కలిపి చూసుకోవాలి. అంచున కూర్చుంటే పాదాలు నేల మీద పూర్తిగా ఆనాలి, అంచు జారిపోకూడదు.

పసిపిల్లలున్న ఇళ్లవాళ్లకు ఇంకో మాట. ఏడాదిలోపు పిల్లల్ని మెమొరీ ఫోమ్ మీద, మెత్తటి దిండ్ల మధ్య పడుకోబెట్టకూడదు. బోర్లాపడితే మొహం దిగబడి ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. వాళ్లకు గట్టిగా, చదునుగా ఉన్న పక్క కావాలి. ఈ హెచ్చరికను షాపువాళ్లు అడగకుండానే చెప్పాలి.

కొన్నాక దూది పరుపులా మిద్దె మీద ఎండలో వేయకూడదు, ఎండకు ఫోమ్ పసుపుపచ్చగా మారి పొడిబారుతుంది. కొత్తలో వాసన వస్తుంది, కిటికీలు తీసి ఒకటి రెండు రోజులు గాలికి ఉంచితే తగ్గుతుంది. నవారు మంచం మీద వేస్తే మధ్యలో వంగుతుంది, అడుగు చదునుగా ఉండాలి. ఆచారితో చేయించిన పాత మంచాలు కంపెనీ కొలతలకు సరిపోవు, టేపు పెట్టి కొలుచుకుని వెళ్లండి.

వారంటీ గురించి మా వీధిలో జరిగింది చెబుతాను. ఒక కుటుంబం పదేళ్ల వారంటీ అని నమ్మి కొన్నారు. రెండు వేసవులకే మధ్యలో గుంట పడింది. కంపెనీ మనిషి వచ్చి, ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం లాగి, స్కేలు పెట్టి కొలిచాడు. వారంటీ కాగితంలో రాసినంత లోతు లేదని చెప్పి వెళ్లిపోయాడు. ఆ ఇంటాయన ఇప్పుడు కింద చాప మీద పడుకుంటున్నాడు. ఎన్నేళ్లని కాకుండా, ఎంత గుంట పడితే మారుస్తారు, మరక పడితే వారంటీ పోతుందా, తీసుకెళ్లే ఖర్చు ఎవరిది అని కొనేముందే అడగాలి. ఆన్‌లైన్‌లో వంద రాత్రులు వాడి చూడండి అనేవాళ్లున్నారు, వాళ్ల వాపసు షరతులు కూడా మొత్తం చదవాలి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, నాణ్యత గురించి లేనిది ఉన్నట్టు చెప్పడం అనుచిత వ్యాపారం కిందికి వస్తాయి. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, కొన్న ధర ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అయితే బిల్లు మీద పరుపు, ఒకటి అని మాత్రమే ఉంటే అక్కడ ఏం చూపించగలం?

కాబట్టి నా విన్నపం ఇది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని పరుపుల వ్యాపారులు ప్రతి పరుపు మీదా పొరల పేర్లు, మందం, డెన్సిటీ, మొత్తం బరువు తెలుగులో రాసి అతికించాలి, అవే బిల్లు మీదా రాసివ్వాలి. పెద్దవాళ్లు వస్తే చెప్పులు విప్పి పావుగంట తమ అలవాటు ప్రకారం పడుకుని చూసుకోనివ్వాలి. తూనికలు కొలతల శాఖవారు పండగ ఆఫర్ల సమయంలో ఒకసారి షోరూంలకు వెళ్లి, రాసినదీ లోపల ఉన్నదీ ఒకటేనా అని జిప్పు తీసి చూడాలి. సంపాదకులు గారూ, పరుపుల ప్రకటన ఇచ్చేవాళ్లను ఆ పొరల వివరం కూడా ఒక్క లైనులో వేయమని మీ ప్రకటనల విభాగం అడిగితే, షాపుకు వెళ్లకముందే చాలామందికి మేలు జరుగుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవర్,
కొర్లగుంట, తిరుపతి.