మాస్టారి కొలనులో మొవ్వుకుళ్ళు

రాజమండ్రి,
సోమవారం పొద్దున్న

ఒరేయ్ కప్పా,

జవాబు బాగా ఆలస్యమైంది, తిట్టుకోకు. అమ్మ మోకాలు నయం, మెట్లెక్కుతోంది. పెద్దది టెన్త్‌లోకి వచ్చింది, దానికంటే వాళ్ళమ్మకే టెన్షన్ ఎక్కువగా ఉంది. డాబా మీద లీకేజీ పని అయిపోయింది. పచ్చ గొడుగు నా దగ్గరే ఉంది, ఇవ్వను. ఇంట్లో సంగతులు ఇంతే.

ఇక అసలు సంగతి. నిన్నటి నుంచీ ఇది నీకు చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఫోన్ చేద్దామంటే నువ్వు సగంలో అడ్డం వస్తావు. పైగా ఇది బాబాయిగారికి కూడా చదివి వినిపించాలి. ఎందుకో చదువుతుంటే నీకే తెలుస్తుంది.

మన లెక్కల మాస్టారు రిటైరయ్యాక ధవళేశ్వరంలో ఇంటి పెరట్లో చిన్న సిమెంటు కొలను కట్టించుకున్నారని రాశాను కదా. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మోకాలి లోతు నీళ్ళు. అందులో కుండీల్లో కలువలు, వాటి మధ్య గప్పీ చేపలు. ఇరవై మూడో ఎక్కం రాకపోతే మనల్ని ఎండలో నిలబెట్టిన మనిషి, ఇప్పుడు ఆ గప్పీలకి పిండి నలిపి వేస్తూ గంటలు కూర్చుంటారు. శనివారం రాత్రి ఆయనే ఫోన్ చేశారు. "ఒరేయ్, కలువలకి జబ్బు చేసింది. ఆకులు పసుపెక్కుతున్నాయి, చిల్లులు పడుతున్నాయి, మచ్చలొస్తున్నాయి, మొగ్గలు నీళ్ళలోనే కుళ్ళిపోతున్నాయి. షాపులో మైలతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, ఇచ్చారు. రేపు కొలనులో కలిపేస్తాను, ఎంత కలపాలో చెప్పు."

నా గుండె ఆగినంత పనైంది. పొద్దున్నే వస్తాను, అందాకా ఆ పొట్లం విప్పొద్దని బతిమాలాను.

వెళ్ళేసరికి మాస్టారు లుంగీ ఎగ్గట్టి గట్టు మీద సిద్ధంగా ఉన్నారు, చేతిలో పొట్లం. "జబ్బు పేరు చెప్పు" అన్నారు. "మాస్టారూ, జవాబుకి మార్కులు లేవు, స్టెప్పులకే అని మీరే అనేవారు కదా" అన్నాను. ఒక్క క్షణం నా వంక చూసి పొట్లం కిటికీలో పెట్టేశారు. ఆ చూపు నీకు తెలుసు.

అక్కడ అందరూ పొరబడేది ఏమిటంటే, కొలను ఒకటే కాబట్టి జబ్బూ ఒకటే అనుకోవడం. ఆయన ఒక్క ఊపిరిలో చెప్పినవి నాలుగూ నాలుగు వేరు వేరు సంగతులు. అందుకే ఒక్కో కుండీ విడివిడిగా చూశాను.

ముందు పసుపెక్కిన ఆకులు. నీలి కలువలో పసుపెక్కినవన్నీ బయటి వరస ఆకులు, అంటే ముసలివి. మన ఎండల్లో కలువాకు బతికేదే కొన్ని వారాలు. ఆ తర్వాత పసుపెక్కి మునిగిపోతుంది. నడిమి నుంచి వచ్చే కొత్త ఆకు నిగనిగలాడుతుంటే ఆ మొక్కకి జబ్బు లేనట్టే. నీలి కలువకి ఏమీ లేదు, ఆ ఆకులు గిల్లి పారేస్తే చాలు.

చిల్లులంటే ఆకు తిప్పి చూడాలి. అంచున కోడిగుడ్డు ఆకారంలో ముక్క కోసినట్టు ఉంది. ఆ ముక్క వెనకవైపు అంటుకుని ఉంది, దాని కింద చిన్న గొంగళి. ఆకు ముక్కల్ని కత్తిరించి తనకి తనే గూడు కట్టుకునే జాతి. చేత్తో ఏరేస్తే సరి. ఇంకో ఆకు మీద వంకరటింకర గీతలు, ఆకు తొలిచే పురుగు పని. కాడల మీద కొద్దిగా పేనుబంక కూడా ఉంది. గొట్టంతో నీళ్ళు కొట్టి కడిగితే గప్పీలు ఎగబడి తినేశాయి. మాస్టారి భార్య, అమ్మగారు, ముచ్చటపడి ఇంకా కడగమన్నారు.

గోధుమరంగు మచ్చలు, చుట్టూ పసుపు అంచు, నడుమ ఎండి రాలిపోయి కన్నాలు. అది ఆకుమచ్చ తెగులు, బూజు జాతి. కానీ ఎక్కడున్నాయో చూడు: అన్నీ ఫౌంటెన్ జల్లు పడే వైపే! అటువైపు కుండీకి ఒక్క మచ్చ లేదు. కలువకి కింద నీళ్ళు కావాలి గానీ ఆకు మీద ఎప్పుడూ జల్లు పడుతుంటే పడదు. ఆ ఫౌంటెన్ కొడుకు అమెరికా నుంచి తెచ్చింది, ఆపమంటే మాస్టారి మొహం చిన్నబోయింది. మూలకి జరిపి, మచ్చలున్న ఆకులు కోసి చెత్తలో వేయించాను.

ఇంతలో అమ్మగారు ఇంకో ఆకు తెచ్చారు. "దీనికి పుండు బాబూ, ఇలాంటివి ఎన్ని తుంచి పారేశానో" అన్నారు. కాడ ఆకుని కలిసే చోట బొటనవేలి గోరంత ముడి, నూగుతో. నా భూతద్దం ఇచ్చి చూడమన్నాను. ఆవిడ అద్దం కళ్ళకి ఆనించి చాలాసేపు మాట్లాడలేదు. ఆ ముడిలో చుట్ట చుట్టుకున్న బుల్లి ఆకు, దాని కింద దారం లాంటి వేరు. అది పిల్ల మొక్క! కొన్ని ఉష్ణదేశపు కలువలు ఆకు మీదే పిల్లల్ని పెడతాయి. ఆవిడ ఆ ఆకుని రెండు చేతుల్లో పట్టుకుని బేసిన్ కోసం లోపలికి పరిగెత్తారు. ఒండ్రుమట్టి మీద ఆనించి పైన కాసిన్ని నీళ్ళు పోసి ఉంచితే వేరు పట్టుకుంటుందని చెప్పాను.

ఇక పసుపు కలువ. ఒరేయ్, ఏ పసుపు కలువో తెలుసా? రిటైర్మెంట్ రోజు మన బ్యాచ్ ఇచ్చిందే. అమలాపురం బస్సులో నువ్వు ఒళ్ళో పెట్టుకుని వచ్చావు, ఆ పెద్దావిడ చీర... సరే, అది వద్దులే. అదే మొక్క. ఇన్నేళ్ళూ పూసింది. ఇప్పుడు ముసలి ఆకులే కాదు, కొత్త ఆకులు కూడా పసుపెక్కి ముడుచుకుంటున్నాయి. మొగ్గ వేలి కణుపంత అయ్యి నల్లబడుతోంది.

నీళ్ళలోకి దిగి కొత్త ఆకు కాడ పట్టుకుని మెల్లగా లాగాను. చేతికి వచ్చేసింది! బలమే పెట్టలేదు. కాడ మొదలు గోధుమరంగులో మెత్తగా, జిగురుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ వాసన తగలగానే నేను ధవళేశ్వరంలో లేనురా. అంబాజీపేట పక్కన మీ తోటలో ఉన్నాను.

గుర్తుందా? వానలు వెనకబట్టిన రోజుల్లో, కొబ్బరికాయల దింపు తీసే మనిషి చెట్టెక్కి మొవ్వాకు, అదే నడినెత్తిన ఉండే లేత ఆకు, లాగితే ఊడి చేతికొచ్చింది. కింద పడేశాడు. బాబాయిగారు దాని మొదలు తీసి ముందు తను వాసన చూసి, తర్వాత మనిద్దరి ముక్కుల దగ్గరా పెట్టారు. "ఈ వాసన మర్చిపోకండిరా. మొవ్వు లాగితే రాకపోతే చెట్టు ఉంది, వస్తే పోయింది" అన్నారు. ఆ సాయంత్రం ఆయన అన్నం తినలేదు. పిన్నిగారు రెండుసార్లు పిలిచారు.

మొవ్వుకుళ్ళు! కొబ్బరికి అది తెచ్చేది ఫైటాఫ్తొరా అనే బూజులాంటి సూక్ష్మజీవి. కలువ దుంప మొవ్వుని కుళ్ళబెట్టేదీ ఆ జాతిదే. దాని బీజాలు నీళ్ళలో ఈదుతాయి. కొబ్బరిచెట్టు మీదికి వెళ్ళాలంటే దానికి వాన కావాలి. కొలనులో ఇంక అడ్డేముంది చెప్పు?

మాస్టారు ఊరికే నమ్మే మనిషి కాదు. "ఎరువు ఎక్కువై కుళ్ళి ఉండొచ్చు కదా" అన్నారు. మంచి ప్రశ్న. పచ్చి పేడ, నూనెగింజల చెక్క ఎక్కువైతే కుండీలో మురిగి దుంప కుళ్ళేది నిజమే. కానీ అప్పుడు మట్టి నల్లబడి కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొడుతుంది, వేళ్ళు ముందు చస్తాయి. ఇక్కడ మట్టిలో వేలు పెట్టి చూపించాను, మామూలు గోదావరి ఒండ్రు వాసన. చివరి వేళ్ళు ఇంకా తెల్లగా ఉన్నాయి. పైగా అన్ని కుండీల్లోనూ అదే ఎరువు. కుళ్ళు మొవ్వులో మొదలై కిందికి దిగుతోంది, కింద నుంచి పైకి కాదు. దుంప కడిగి కత్తితో కోశాను. మొవ్వు దగ్గర గోధుమ ముద్ద, తర్వాత లేత మరక, ఆ చివర మాత్రం కోసిన పచ్చి చిలగడదుంపలా గట్టిగా, తెల్లగా ఉంది. మాస్టారు వంగి చూసి, "సరే, రుజువైంది" అన్నారు. ఆయన నోటి వెంట ఆ మాట స్కూల్లో ఎన్నిసార్లు విన్నాం చెప్పు?

పక్కన గులాబీరంగు కలువ ఉంది, ఉగాదికి ఒక నర్సరీలో కొన్నది. తెచ్చిన రోజే కొలనులో దింపేశారట. దాని కాడా లాగితే ఊడింది. జబ్బు దానితోనే వచ్చి ఉంటుంది. కొత్త మొక్కని కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడాలి, అది చాలామంది చెయ్యరు. పసుపు రకాలకి ఈ తెగులు త్వరగా తగులుతుంది కూడా. మాస్టారికి ఇది చెబుతూ లాటూర్ మార్లియాక్ కథ ఎత్తుకున్నాను. ఫ్రాన్స్‌లో 1875లో నర్సరీ పెట్టి, చలిని తట్టుకునే రంగురంగుల కలువలు పుట్టించిన మనిషి. 1889 పారిస్ ప్రదర్శనలో వాటిని చూసే చిత్రకారుడు మోనే తన కొలనుకి తెప్పించుకున్నాడు. ఆ పసుపు రంగు అమెరికా ఖండపు మెక్సికానా కలువ నుంచి వచ్చింది. మాస్టారు శ్రద్ధగా విన్నారు, కానీ కళ్ళు పసుపు దుంప మీదే ఉన్నాయి. నేను ఆపేశాను.

మైలతుత్తం మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "కొబ్బరి మొవ్వుకి బోర్డో ముద్ద పెడతారు కదా, అందులో ఉండేదీ మైలతుత్తమే కదా" అన్నారు. నిజమే, బాబాయిగారు పక్క చెట్లకి పెట్టించింది అదే. కానీ కొబ్బరిచెట్టులో చేపలు లేవు. మైలతుత్తంలో ఉండే రాగి చేప మొప్పల్ని పాడు చేస్తుంది, నత్తల్నీ చంపుతుంది, మట్టిలో చేరితే ఎక్కడికీ పోదు. ఒక్క పొట్లంతో కొలను మొత్తం ఖాళీ అయ్యేది. అది విన్నాక ఆయనే కిటికీలో పొట్లం తీసి నాకిచ్చేశారు.

రెండు కుండీలూ బయటికి తీయించాను. కుళ్ళిన దుంప, మట్టి దూరంగా గొయ్యి తీసి పూడ్పించాను, కాలవలో వెయ్యనివ్వలేదు. కుండీలు, కత్తి, నా చేతులు అన్నీ బ్లీచింగ్ నీళ్ళతో కడిగాం. పసుపు దుంపలో తెల్లగా ఉన్న చివర ముక్కకి పక్క కన్ను ఒకటుంది. దాన్ని మరక లేని చోటు దాకా కోసి బకెట్లో వేసుకుని మా ఇంటికి తెచ్చాను. డాబా మీద ఉంది, మిగతా తొట్లకి దూరంగా. కన్ను కాస్త ఉబ్బినట్టుంది గానీ ఇప్పుడే ఏమీ చెప్పలేను, కుళ్ళు లోపల దాక్కుని ఉండొచ్చు. బతికితే సగం నీదే. మిగతా సగం సంగతి ఆ బస్సు పెద్దావిడ...

ఇప్పుడు బాబాయిగారిని అడగాల్సింది. చెట్టు కొట్టేశాక ఆ గుంటలో మళ్ళీ కొబ్బరి పెట్టడానికి ఎన్నాళ్ళు ఆగారు? మట్టి మార్చారా, ఊరికే ఎండనిచ్చారా? మాస్టారు కొలను ఎండగట్టి కడిగిద్దామంటున్నారు. గప్పీల్ని అన్నాళ్ళు డ్రమ్ములో ఉంచొచ్చా అని నా బెంగ. ఆయన ఏం చెబితే అది మాస్టారికి చెబుతాను, ఆ వాసన నేర్పింది ఆయనే కాబట్టి. మర్చిపోకుండా అడుగు, పక్కన కూర్చుని అడుగు, ఫోన్ చూస్తూ అడక్కు.

ఇంకా చాలా ఉంది, అమ్మగారి బేసిన్ సంగతి పూర్తి చెయ్యలేదు, రేగు వడియాలు పంపించమన్నారు కూడా. పెద్దదాన్ని స్కూల్లో దింపాలి, కింద స్కూటర్ హారన్ కొట్టేస్తోంది. దారిలో పోస్టు డబ్బాలో

ఉంటాను, తర్వాత రాస్తా.