వాన కబురుతో పాటు పురుగు కబురూ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మామిడి పూత మీద ఉన్నప్పుడు నాలుగు రోజులు మబ్బు పట్టి గాలిలో తేమ పెరిగితే ఏమవుతుందో చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తోట ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. తేనెమంచు పురుగు విజృంభిస్తుంది. పూత కాడల్లోని రసం పీల్చి జిగటను విసర్జిస్తుంది. ఆ జిగట మీద నల్లటి మసి కమ్ముకుంటుంది, పూత మాడి రాలిపోతుంది. ఆకాశం తెరిపిగా ఉండి పొడి ఎండ కాసిన ఏడాది ఇదే పురుగు అంతగా బాధించదు. కొమ్మలు అల్లుకుపోయి లోపలికి ఎండ దిగని ముదురు తోటల్లో మాత్రం దాని బెడద ఎక్కువే.

వాతావరణంతో ఇంతగా ముడిపడిన పురుగుకు మనం ఇంకా తేదీ చూసుకుని మందు కొడుతున్నాం. పక్క తోటలో పంపు మోగితే మన తోటలోనూ మోగాలి. దుకాణంలో రెండు డబ్బాలు చేతిలో పెడితే రెండూ కలిపి కొట్టాలి. పూర్తిగా విచ్చిన పూత మీద మందు పడితే పరాగ సంపర్కం చేసే ఈగలు, తేనెటీగలు చచ్చిపోతాయి, పిందె కట్టడం తగ్గుతుంది. అప్పు చేసి కొన్న మందుతో మన దిగుబడిని మనమే తగ్గించుకోవడం చూస్తుంటే కడుపు మండుతోంది.

వేరుశనగలో అదను ఇంకా ఇరుకు. ఎర్ర గొంగళి పురుగు కోశస్థ దశలో, అంటే గూడు కట్టుకుని కదలకుండా ఉండే దశలో, నేలలోనే వేసవి గడుపుతుంది. తొలకరిలో గట్టి వాన పడగానే రెక్కల పురుగులు బయటికి వస్తాయి. ఆ కొద్ది రాత్రులు ఊరంతా కలిసి గట్ల మీద మంటలు వేసినా, దీపపు ఎరలు పెట్టినా చాలావరకు గుడ్లు పెట్టకముందే చస్తాయి. ఒక్క రైతు చేస్తే చాలదు. అదను తప్పితే గొంగళ్లు దండుగా చేను నుంచి చేనుకు పాకుతాయి, ఎదిగిన పురుగుకు మందు కూడా సరిగా పనిచేయదు. తర్వాత వాన ముఖం చాటేస్తే ఆకుముడత, తామర పురుగులు పెరుగుతాయి. జోరు వాన వాటిని చాలావరకు కడిగేస్తుంది. రేపు వాన ఉందని తెలిస్తే ఈరోజు మందు ఖర్చు మిగిలినట్టే కదా!

పురుగు ఒంటి వేడి బయటి వేడిని బట్టే మారుతుంది. కొంత వేడెక్కితే గుడ్డు త్వరగా పొదుగుతుంది, తరం త్వరగా ముగుస్తుంది. 2018లో మన దేశంలో కనబడిన, మొక్కజొన్నను తినే కత్తెర పురుగు వెచ్చటి రోజుల్లో సుమారు నెలలోనే ఒక తరం పూర్తి చేస్తుంది. అందుకే నిరుటి లెక్క ఈ ఏడాదికి సరిపోదు.

భారత వాతావరణ శాఖ జిల్లాలవారీగా మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ సలహాలు ఇస్తోంది. తిరుపతిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. గ్రామాల్లో రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. అయితే జిల్లా మొత్తానికి ఒకే సలహా ఇస్తే ఎలా? చల్లటి పలమనేరు మిట్టకు, మైదానంలోని చిత్తూరుకు ఒకే మాట పనికిరాదు. తిరుపతి జిల్లాలోనూ సత్యవేడు ఉక్క వేరు, చంద్రగిరి కొండ గాలి వేరు.

ప్రతి మండలంలో కొన్ని చేలను, తోటలను ఎంచుకుని ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, దీపపు ఎరలు, జిగురు అట్టలు పెట్టించాలి. పడిన పురుగులను వారం వారం లెక్కించి, ఆ వారం వాన, తేమ, వేడి వివరాలతో కలిపి రైతు సేవా కేంద్రం బోర్డు మీద రాయాలి. చదువు రాని రైతులకు మైకులో చెప్పించాలి. మందు అవసరం లేని వారం ఆ మాటను అంతే స్పష్టంగా చెప్పాలి. దుకాణదారుడు ఎలాగూ చెప్పని మాట అది.

వ్యవసాయ, ఉద్యాన శాఖలు వచ్చే మామిడి పూతలోపే ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను. మీ జిల్లా పేజీలో వర్షపాతం వివరాల పక్కన ఆ లెక్కలకూ కాస్త చోటివ్వండి.

– ఒక మామిడి రైతు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా