మంత్రిగారూ, మూడో అంతస్తు గది తాళం ఎవరి దగ్గరుంది?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

బెంగళూరు నుంచి ఒక తల్లి నమస్కరించి రాస్తున్నది.

కన్నడలో రాయించి మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి ‘సంబంధిత విభాగానికి పంపాం’ అని ఒక వాక్యం వచ్చింది. మిగతా రెండింటికీ అదీ లేదు. అందుకే నాలుగోది నాకొచ్చిన తెలుగులోనే రాస్తున్నాను. చదవని కాగితం ఏ భాషలో ఉంటేనేం లెండి.

మా ఏడేళ్ల పాపకు బ్లడ్ క్యాన్సర్. మందులు మొదలుపెట్టి ఏడాదిన్నర, ఇంకా ఏడాది పైనే వాడాలి. మేం వెళ్లే ఆసుపత్రిలో పిల్లల కోసం మూడో అంతస్తులో ఒక గది తెరిచారు. యోగా, శ్వాస, పాటలు, మెల్లగా ఒళ్లు రుద్దడం, ఇలా మందులకు తోడుగా నొప్పినీ భయాన్నీ తగ్గించేవన్నీ అక్కడ ఉంటాయన్నారు. పెద్దలొచ్చి రిబ్బన్ కత్తిరించారు, లడ్డూలు పంచారు. రెండు నెలలకే తాళం పడింది. కిటికీలోంచి చూస్తే ఇప్పుడు సెలైన్ పెట్టెలు, చక్రం ఊడిన వీల్‌చైర్, గోడ మీద పద్మాసనం బొమ్మ కనిపిస్తాయి.

ఆ గది లేకపోతే ఏమవుతుందో చెప్తాను. మూణ్ణెల్లకోసారి పాపకు వెన్నులో సూది వేస్తారు. మోకాళ్లు గడ్డానికి ఆనించి రొయ్యలా ముడుచుకుని పడుకోవాలి. కదిలితే మళ్లీ గుచ్చాలి. ముందురోజు రాత్రి నుంచే అన్నం ముట్టదు. బల్ల మీద నలుగురం పట్టుకుంటాం. కాళ్లు పట్టుకునేది నేనే. ‘అమ్మా, నువ్వు కూడానా’ అంటుంది. ఇంటికొచ్చాక రెండు రోజులు నా దగ్గర పడుకోదు.

ఒక్కసారి మాత్రం ఎవరూ పట్టుకోలేదు. కోలారు వైపు నుంచి వచ్చిన ఒక నర్సమ్మ ఉండేది, తెలుగు మాట్లాడేది. పాప ముఖం దగ్గర కూర్చుని, ‘గ్లాసులో పాలు కాలిపోతున్నాయి, మెల్లగా ఊదమ్మా, ఇంకా చల్లారలేదు, ఊదు’ అంటూ పోయింది. పాప ఊదుతూనే ఉంది, సూది పని అయిపోయింది. ఖర్చు సున్నా. తర్వాత నెల ఆమెకు బదిలీ అయింది. ఆమె చేసింది మిగతా నర్సులకు నేర్పించండని అడిగితే, అది ఆయుష్ వాళ్ల (యోగా, ఆయుర్వేదం లాంటివి చూసే శాఖ) పని అన్నారు. ఆయుష్ వాళ్లను అడిగితే ఆసుపత్రి పని అన్నారు. బస్సు మాత్రం రెండు వైపులా నేనే ఎక్కాను.

కీమో మానేసి కషాయం ఇవ్వమనడం లేదండీ. ఆ మాట ఎవరైనా అంటే మొదట కోప్పడేది నేనే. కానీ తప్పు నేనూ చేశాను, ఒప్పుకుంటున్నాను. పలమనేరు నుంచి వచ్చిన మా అత్తమ్మ రక్తం పడుతుందంటే తిప్పతీగ రసం పోశాం. నెల తిరిగేసరికి రిపోర్టులో ఎస్‌జీపీటీ పెరిగింది, కాలేయం దెబ్బతింటే పెరిగే లెక్కట అది. మందు వల్లా, రసం వల్లా? ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. కరోనా రోజుల్లో తిప్పతీగ వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి డాక్టర్లు రాశారు, ఆయుష్ శాఖ కాదంది. మా డాక్టరుగారు మాత్రం ‘ముందే ఎందుకు చెప్పలేదు’ అని అరిచారు. అడిగితే కదండీ చెప్పేది! వార్డులో సగం మంచాల కింద ఏదో ఒక పొడి సీసా ఉంటుంది. డాక్టరు రౌండ్స్‌కు వస్తున్నారంటే కొంగు కింద దాచేస్తారు. ప్లేట్‌లెట్స్ పడిపోయినప్పుడు గట్టిగా నూనె రుద్దకూడదని నాకు చెప్పింది పక్క మంచం తల్లి.

2017 జాతీయ ఆరోగ్య విధానంలో ఈ ఆయుష్ పద్ధతులను కలుపుకుని పోతామని రాసుకున్నది మీకు నేను చెప్పాలా? ఇదే ఊళ్లో మెదడు, మానసిక జబ్బులు చూసే నిమ్‌హాన్స్ ఆసుపత్రిలో యోగా, ఆయుర్వేదం కలిపి ఒక విభాగమే నడుస్తోంది. నెలలు నిండని బిడ్డను తల్లి గుండెకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలో ఇంక్యుబేటర్లు చాలకే మొదలైందట. ఈరోజు మన సర్కారు ఆసుపత్రుల్లోనే చేయిస్తున్నారు. తల్లి ఒళ్లు వైద్యంలో భాగమైనప్పుడు, ఊపిరి ఊదడం కాకూడదా?

ఆ గది తెరిపించండి. నేర్పే మనిషిని ఒక్కరిని వేయండి, మళ్లీ బదిలీ చేయకండి. కేస్ షీటులో ‘ఇంట్లో ఇంకేమిస్తున్నారు’ అని ఒక గీత గీయించండి, తిట్టకుండా అడగమని చెప్పండి. తెరిపించండి సార్, దయచేసి. సెలైన్ పెట్టెలకు వేరే చోటు దొరక్కపోదు.

వచ్చే మంగళవారం పాపకు మళ్లీ వెన్నులో సూది. నిన్న రాత్రి, ‘పాలు ఊదే ఆంటీ వస్తుందా’ అని అడిగింది. ఏం చెప్పమంటారు?

ఇట్లు,
మూడో అంతస్తు మెట్ల మీద కూర్చునే ఒక తల్లి