రాత్రి 2:40కి మన ఇంట్లో కనపడినవి

అమ్మను, నాన్నను, అత్తగారిని మా వృద్ధాశ్రమంలో ఉంచిన మీ అందరికీ నమస్కారం.

నెలనెలా బిల్లుతో పాటు నాలుగు ముక్కలు రాసి, పండగ ఫొటోలు కలిపి పంపుతుంటాను కదా. ఈసారి ఫొటోలు లేవు. ఉత్తరం మాత్రం కాస్త పెద్దది. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి.

పోయిన నెల ఒక మంగళవారం రాత్రి మన ఇంటిని తనిఖీ చేయించాను. ప్రభుత్వం వాళ్లు వచ్చింది కాదు, నా అంతట నేను పిలిపించుకున్నది. నేను ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో నాకు పని నేర్పిన హెడ్ సిస్టర్ రిటైరై ఇక్కడే రాజమహేంద్రవరంలో ఉంటున్నారు. ఓ పూట వచ్చి చూడమని అడిగితే, "పగలొస్తే నువ్వు చూపించిందే చూస్తాను. రాత్రి వస్తాను, ఎవరికీ చెప్పకు" అన్నారు. అలాగే చేశాం. రాత్రి 2:40కి నా దగ్గరున్న తాళంతో గేటు తీశాను. ఇద్దరం చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్లాం.

ఆవిడ ముందుగా మంచాల దగ్గరికి వెళ్లలేదు, గోడకు తగిలించిన చార్టు తీశారు. మన ఇంట్లో పదిహేడు మంది ఉంటే ఐదుగురు పూర్తిగా మంచం పట్టినవాళ్లు. తమంతట తాము కదలలేరు కాబట్టి రెండు గంటలకోసారి వాళ్లను ఒత్తిగిలించాలి. ఎడమ పక్కకు, వెల్లకిలా, కుడి పక్కకు, ఇలా మార్చిన ప్రతిసారీ టైము వేసి సంతకం పెట్టాలి. చార్టులో పన్నెండు గంటలది ఉంది, రెండు గంటలది ఉంది. నాలుగు గంటలదీ ఉంది, ఆరు గంటలదీ ఉంది. గోడ గడియారం మూడుకు పది నిమిషాల తక్కువ చూపిస్తోంది.

ఆ కాగితం నేను కూడా రోజూ పొద్దున్నే చూస్తాను. గడులన్నీ నిండి ఉంటే తృప్తిగా టిక్కు పెట్టేదాన్ని. ఎన్నాళ్లుగా ఇలా జరుగుతోందో నా దగ్గర లెక్క లేదు. ఈ మాట మీకు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆ తర్వాత ఒక మామ్మగారి దుప్పటి తీసి, తోక ఎముక దగ్గర టార్చి వేసి చూశాం. మనలాంటి చామనఛాయ ఒంటి మీద ఎరుపు తొందరగా తేలదు, చేత్తో తడిమి చూడాలి. చుట్టుపక్కల కంటే అక్కడ కాస్త వేడిగా, గట్టిగా తగిలింది. వేలితో నొక్కి వదిలితే రంగు మారలేదు. పడక పుండు మొదలయ్యేది ఇలాగే. చర్మం ఇంకా తెగలేదు. ఆ రాత్రి చూడకపోయి ఉంటే ఏమయ్యేదో నర్సుగా నాకు బాగా తెలుసు. ఎముక కనపడేంత పుండ్లకు కట్లు కట్టిన చేతులివి. తెల్లారగానే ఆ కుటుంబానికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. డాక్టరుగారు వచ్చి చూశారు, గాలి పరుపు వేశాం, ఇప్పుడు ఆ చోటు మామూలుగా ఉంది.

చార్టు రాసిన అమ్మాయిని పక్కకు పిలిచి అడిగాను. ఏడ్చేసింది. "ఇద్దరమే గదండీ అమ్మా, తెల్లారుజామున అస్సలు టైముండదండి, అందుకని ముందే రాసేశానండి" అంది. కోపం వచ్చిన మాట నిజం. కానీ హెడ్ సిస్టర్ నన్ను కూర్చోబెట్టి లెక్క వేయించారు. ఒక మనిషిని ఒత్తిగిలించడానికి ఇద్దరు కావాలి, ఒక్కరే లాగితే చర్మం పరుపుకు రాసుకుని ఇంకా దెబ్బతింటుంది. డైపరు మార్చి, తుడిచి, పొడి బట్ట వేసి, దిండు సర్ది లేచేసరికి మనిషికి పన్నెండు నిమిషాలు. ఐదుగురికి గంట. ప్రతి రెండు గంటల్లో ఒక గంట ఇద్దరూ అక్కడే ఉండిపోతే, మిగతా పన్నెండు మందిలో ఎవరైనా బాత్రూముకు లేస్తే పట్టుకునేదెవరు? నేను వేసిన డ్యూటీ మనుషులు చేయగలిగేది కాదు. ఆ అమ్మాయి అబద్ధం రాసింది, ఆ అబద్ధం రాయక తప్పని డ్యూటీ వేసింది మాత్రం నేను. ఆమెను పనిలోంచి తీసేయలేదు.

ఇక రెండోది, నాకు ఇంతకంటే ఎక్కువ బాధ కలిగించింది. మన మాస్టారు సాయంత్రం ఐదు దాటాక మంచినీళ్లు ముట్టుకోవడం లేదు. ఆయనొక్కరే కాదు, అడిగితే మరో నలుగురు బయటపడ్డారు. "తాగితే రాత్రి లేవాలి, ఆ పిల్లల్ని ఎన్నిసార్లు పిలుస్తామమ్మా" అన్నారాయన. పిలవడానికి బెల్లు ఉంది, కానీ స్విచ్చి తల వెనక గోడకు ఉంది. పడుకున్న మనిషి చెయ్యి దానికి అందదు. ఆ బెల్లు పెట్టించినప్పుడు నేను నిలబడి నొక్కి చూశానే తప్ప, ఒక్కసారి కూడా మంచం మీద పడుకుని చూడలేదు. వయసు మళ్లినవాళ్లకు దాహం సరిగా తెలియదు. నీళ్లు తగ్గితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఉన్నట్టుండి మాట తడబడడం, లేవగానే కళ్లు తిరిగి పడిపోవడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వేసవిలో మనవాళ్లలో ఇద్దరు అయోమయంగా మాట్లాడితే వయసు వల్ల అనుకున్నాం. ఇప్పుడు అనుమానంగా ఉంది.

బరువుల పుస్తకం తిరగేస్తే ఇంకొకటి తేలింది. ఒకావిడ నెలలో 48 కిలోల నుంచి 45కి వచ్చారు. నెలలో ఐదు శాతం తగ్గితేనే డాక్టరుకు చెప్పాలి, ఇది ఆరు శాతం దాటింది. నెలనెలా తూచి రాస్తున్నాం, కానీ వెనక పేజీతో పోల్చినవాళ్లు లేరు. ఆవిడ దిండు కింద పాత పేపర్లో మడిచిన చపాతీ ముక్కలు దొరికాయి. కట్టుడు పళ్లు వదులయ్యాయట, నమలలేక దాచేస్తున్నారు. షుగరు ఉందని మేమేమో రాత్రి పూట చపాతీ మానలేదు. ఇప్పుడు ఆవిడకు రాత్రి మెత్తగా వండిన గోధుమరవ్వ, పప్పు పెడుతున్నాం. పళ్ల డాక్టరు దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్లాం.

ఫ్రిజ్‌లో తెరిచిన ఇన్సులిన్ సీసా మీద తెరిచిన తేదీ లేదు, దాన్ని పారేశాం. మందుల పెట్టెలు, నోటి శుభ్రత, గదుల్లో వాసన, వీటికి మాత్రం ఆవిడ వంక పెట్టలేదు.

మీలో సగం మంది అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ ఉతికిన చీరలో, తల దువ్వుకుని కనిపిస్తుంది. కాల్ ఉందంటే అరగంట ముందు నుంచీ మేం తయారు చేస్తాం. అందులో మోసమేమీ లేదు, వాళ్లకూ అది ఇష్టమే. కానీ ఆ పది నిమిషాలు చూసి మిగతా వారమంతా అలాగే ఉందనుకోకండి. ఇకపై ఏ వేళప్పుడైనా చేయండి. అమ్మకు ఇష్టమైతే అప్పుడు ఎలా ఉంటే అలాగే చూపిస్తాం. నిద్రలో ఉంటే లేపం.

గదుల్లో సీసీ కెమెరా పెట్టమని కొందరు అడుగుతున్నారు. అది నేను పెట్టను. డైపర్లు మార్చేది, ఒళ్లు తుడిచేది ఆ గదుల్లోనే. మీ అమ్మగారు ఒప్పుకోని పని మీరు అడిగారని చేయలేను. వరండాలో, వంటగదిలో కెమెరాలున్నాయి.

దగ్గర్లో ఉన్నవాళ్లు చెప్పకుండా రండి. భోజనాల వేళ రండి, లేకపోతే రాత్రి తొమ్మిది తర్వాత రండి. పూలకుండీలు, గోడల రంగులు వదిలేయండి. దుప్పటి ఎత్తి మడమలు చూడండి, నాలుక తడిగా ఉందో లేదో చూడండి, గోళ్లు చూడండి, పోయిన నెల జాకెట్టు ఇప్పుడు ఎంత వదులైందో చూడండి. మా ఆయాలు అమ్మను ఏమని పిలుస్తున్నారో, అన్నం పెట్టేటప్పుడు పక్కన కూర్చున్నారో, నిలబడి కుక్కుతున్నారో గమనించండి. మా మీద మాకు చెప్పుకోలేని ఫిర్యాదు ఉంటే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి చేయండి. ఆ నంబరు పెద్దక్షరాలతో హాల్లో అతికించాం.

రాత్రి డ్యూటీకి మూడో అటెండెంటును పెట్టాను, ఇప్పటికే వస్తోంది. బెల్లులకు పొడుగు వైర్లు వేయించి స్విచ్చి చేతి పక్కకే తెచ్చాం. ఒక్కో మంచం మీద నేనే పడుకుని నొక్కి చూశాను. సాయంత్రం ఐదుకోసారి, ఏడున్నరకోసారి మజ్జిగో నీళ్లో ఇచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చుంటున్నారు. మూడో మనిషి జీతం మూడు నెలలు నేనే భరిస్తాను. ఆ తర్వాత ఒక్కొక్కరికి నెలకు 1,000 రూపాయలు పెరుగుతుంది. ఇది కష్టమైనవాళ్లు నాతో విడిగా మాట్లాడండి. ఈ ఉత్తరం చదివి అమ్మను వేరేచోటికి మార్చాలనిపిస్తే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాను, ఫైలు కాగితాలన్నీ ఇచ్చి పంపిస్తాను.

గేటు తాళం ఇంకొకటి చేయించి హెడ్ సిస్టర్‌కు ఇచ్చేశాను. మళ్లీ ఎప్పుడొస్తారో నాకు కూడా చెప్పొద్దన్నాను. ఆవిడ చూసి రాసినది నేను దిద్దకుండా మీకు పంపిస్తాను.