ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి క్లెయిమ్ కొట్టేసి, 42 రోజులుగా జవాబివ్వని మీ సంస్థపై ఫిర్యాదు

హైదరాబాద్,
24 నవంబరు 2025

గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్ గారికి,

నమస్కారం. మీ గ్రూప్ మెడిక్లెయిమ్ పాలసీలో సభ్యుడైన ఒక ట్రాన్స్ పురుషుడి (పుట్టుకలో ఆడపిల్లగా నమోదై, మగవాడిగా బతుకుతున్న వ్యక్తి) తరఫున, ఆయన సంతకం చేసిన అధికార పత్రం జతచేసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆయన పేరు, పాలసీ నంబరు, ఎంప్లాయీ ఐడీ ఆ పత్రంలో ఉన్నాయి. ఇక్కడ రాయకపోవడానికి కారణం ఉంది: మీ దగ్గర ఒక కాగితం ఎన్ని చేతులు మారుతుందో ఈ రెండు నెలల్లో చూశాం. ట్రాన్స్ వ్యక్తుల ఆస్పత్రి కాగితాలు, ఇన్సూరెన్స్ ఫైళ్లు చూసిపెట్టడం నా పని. కాబట్టి "డాక్యుమెంట్లు సరిగ్గా పెట్టలేదు" అన్న జవాబు మాత్రం దయచేసి రాయకండి.

ఆయన ఛాతీ ఆపరేషన్‌కు పెట్టిన క్లెయిమ్ తిరస్కరించారన్న బాధ ఒక్కటే అయితే ఈ ఉత్తరం అర పేజీలో అయిపోయేది. తిరస్కరణకు అప్పీలు ఉంది, దానికో దారి ఉంది. అక్టోబరు 13న పెట్టిన ఫిర్యాదుకు ఇవాళ్టికి 42 రోజులు. ఇన్ని రోజుల్లో మీ సంస్థలో ఒక్క మనిషి ఆ ఫైలు తెరిచి, మొత్తం చదివి, తన పేరు చెప్పి, "మేం కాదన్నది ఇందుకు" అని అనలేదు. కోపం అందుకు.

ఈ కవరు ఎవరి డబ్బుతో నడుస్తోందో ముందు చెప్పాలి. ఉద్యోగమిచ్చిన కంపెనీ అందరికీ కట్టే మూడు లక్షల పాలసీ మీద, ఇష్టమున్నవాళ్లు సొంత జీతంలోంచి కట్టుకునే జెండర్ అఫర్మేషన్ కవరు అది, అంటే తన లింగ గుర్తింపుకు తగ్గట్టు శరీరాన్ని మార్చుకునే చికిత్స ఖర్చు ఇచ్చేది. పరిమితి రెండు లక్షలు, కో-పే (బిల్లులో సభ్యుడు పెట్టుకోవాల్సిన వాటా) పది శాతం. మీ సభ్యుడు 2023 ఏప్రిల్ నుంచి నెలకు రూ. 410 కడుతున్నారు. ఈ నెలతో 32 నెలలు, రూ. 13,120. ఆయన చేతికొచ్చే జీతం రూ. 23,500. పీజీ అద్దె, ఇంటికి పంపేది, టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, వాటి కోసం చేయించుకోవాల్సిన రక్తపరీక్షలు అన్నీ అందులోంచే. మందులూ పరీక్షలూ ఓపీడీ (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే చికిత్స) ఖర్చు కాబట్టి పాలసీలోకి రావని ఆయనకు తెలుసు, ఏనాడూ అడగలేదు. మిగిలిన దాంట్లో నెలకు రెండు వేల చిట్టీ, ఇరవై నెలలు వేశారు. ఆ నలభై వేలకు లెక్క ముందే రాసి ఉంది. ఆస్పత్రి ఎస్టిమేట్ రూ. 1,72,000 కాబట్టి కో-పే కింద 17,200. మూడు వారాల సెలవులో ఒక వారమే సిక్ లీవు, మిగతా రెండు వారాల జీతం కోత సుమారు 11,000. మిగిలిన 11,800లో రెండు కంప్రెషన్ వెస్టులు, పాలసీ ఇవ్వని గ్లౌజులు, డ్రెస్సింగ్ సామాను, డ్రెయిన్లు (గాయంలోని ద్రవాన్ని బయటికి పంపే గొట్టాలు) తీసేదాకా ఆస్పత్రికి ఆటోలు. ఎక్కడా వంద రూపాయల సందు లేని లెక్క. మీ చేతిలో చెడింది ఇదే.

ఆపరేషన్ దసరా తర్వాత, అక్టోబరు 9న. ముందే తేదీ ఖరారైన అడ్మిషన్‌కు రెండు మూడు రోజుల ముందు కాగితం పంపితే చాలు. ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్కు సెప్టెంబరు 22నే ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) అభ్యర్థన పంపింది. అందులో సర్జన్ రాసిన కాగితం, ఇద్దరు మానసిక వైద్యుల లేఖలు, ఎండోక్రైనాలజిస్ట్ నోటు, కలెక్టర్ ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం, ఆధార్, మీ ఎండార్స్‌మెంట్ (ఈ కవరు ఇస్తున్నట్టు పాలసీకి మీరు జతచేసిన పత్రం) నకలు ఉన్నాయి. డయాగ్నసిస్ గడిలో ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ కోడ్‌ల జాబితా) కోడ్ హెచ్ఏ60, అంటే జెండర్ ఇన్‌కాంగ్రుయెన్స్ (పుట్టుకలో నమోదైన లింగానికీ తనకు తెలిసిన లింగానికీ పొంతన లేకపోవడం) అని స్పష్టంగా రాసి ఉంది.

మర్నాడు మీ టీపీఏ (మీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) నుంచి మొదటి ప్రశ్న వచ్చింది: బయాప్సీ రిపోర్టు, మామోగ్రామ్ పంపండి అని. "బైలేటరల్ మాస్టెక్టమీ" (రెండు రొమ్ముల తొలగింపు) అన్న మాట చూసి రొమ్ము క్యాన్సర్ ఫైలు అనుకున్నారు. పక్క గడిలోని డయాగ్నసిస్ కూడా చదవకుండా ఒక మనిషిని క్యాన్సర్ రిపోర్టు తెమ్మన్నారు. ఆ మెసేజ్ ఆయనకు డ్యూటీలో ఉండగా ఫోన్‌లో వచ్చింది. గడ్డ లేదు, క్యాన్సర్ లేదు అని సర్జన్ మళ్లీ ఉత్తరం రాసి 25న పంపారు.

29న రెండో ప్రశ్న: ఈ-కార్డులో పేరు, ఆధార్‌లో పేరు వేరు; కార్డులో లింగం "ఎఫ్", ఆధార్‌లో "టీ" (ట్రాన్స్‌జెండర్). ఈ మార్పు కోసం హెచ్ఆర్ మీకు మెయిల్ పెట్టింది జులై 14న. టీపీఏకి ఫోన్ చేస్తే హెచ్ఆర్‌ను అడగమన్నారు. హెచ్ఆర్ తాను పంపిన మెయిల్ చూపించింది. మీ కాల్ సెంటర్‌కు చేస్తే, మా వైపు మార్చేశాం, టీపీఏ సిస్టమ్‌లో ఇంకా పడలేదు అన్నారు. టీపీఏకి మళ్లీ చేస్తే, ఇన్సూరర్ నుంచి ఫైలే రాలేదు అన్నారు. మూడు రోజుల్లో 14 కాల్స్. ప్రతిసారీ కొత్త సర్వీస్ రిక్వెస్ట్ నంబరు, ప్రతిసారీ కథ మొదటినుంచి. ప్రతిసారీ పాత పేరు పెట్టి, "మేడమ్" అని పిలవడం. "సార్ అనండి, కాగితాలన్నీ మీ ముందే ఉన్నాయి" అని మర్యాదగా చెప్పినా, మరుక్షణం మళ్లీ "మేడమ్" అనే. ఒకరైతే "ఇంతకీ మీరు అమ్మాయా, అబ్బాయా, అది చెప్పండి ముందు" అన్నారు. ఇంకొకరు ప్రభుత్వ పథకం ఉందిగా, అక్కడికి వెళ్లమని సలహా ఇచ్చారు. ట్రాన్స్ వ్యక్తుల ఆరోగ్య పథకమైన ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ కోసం 2022 ఆగస్టులో కేంద్ర సామాజిక న్యాయ శాఖ, నేషనల్ హెల్త్ అథారిటీ ఒప్పందం చేసుకున్న సంగతి మాకూ తెలుసు. నెలనెలా ప్రీమియం కోసుకున్నది మీరు. ఆపరేషన్ దగ్గరపడ్డాక ప్రభుత్వం వైపు వేలు చూపించే హక్కు మీకు ఎక్కడిది?

ఒక్క అమ్మాయి గురించి మాత్రం మంచి మాట రాయాలి. అక్టోబరు 1 సాయంత్రం ఫోన్ ఎత్తినావిడ ఎండార్స్‌మెంట్ తెరిచి, నంబరు చదివి వినిపించి, "సార్, ఇది కవర్ అవుతుంది, నాకు కనిపిస్తోంది" అన్నారు. దాన్ని క్లెయిమ్స్ వాళ్ల స్క్రీన్ మీదికి పంపే అధికారం తనకు లేదని కూడా చెప్పారు. మీ సంస్థలో ఫైలు చదివిన ఏకైక మనిషికి ఆ ఫైలు మీద అధికారం లేదు.

అక్టోబరు 7న కార్డు మారింది. గుర్తింపు పత్రంలో ఉన్నది కాకుండా "ఎం" అని మారింది, మీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవి రెండే గళ్లు కాబట్టి. ఆ సాయంత్రమే మూడో ప్రశ్న. ఈసారి మగవాడి ఛాతీ ఆపరేషన్ అనుకున్నారు. గైనకోమాస్టియా (మగవారిలో రొమ్ము పెరగడం) ఏ గ్రేడు, ఇది సౌందర్య చికిత్స, మినహాయింపు కోడ్ 08 కింద ఎందుకు తీసేయకూడదు అని అడిగారు. మనిషి అదే, ఆపరేషన్ అదే, కాగితాలు అవే. ఒక అక్షరం మారేసరికి క్యాన్సర్ కాస్తా అందానికి చేసే చికిత్స అయిపోయింది. ఆయన నిజంగా ఎవరో, ఆపరేషన్ నిజంగా ఎందుకో, మొదటి రోజు నుంచీ మొదటి పేజీలోనే ఉంది.

దానికీ సర్జన్ జవాబిచ్చారు. 8వ తేదీ రాత్రి 7.40కి తిరస్కరణ వచ్చింది: "మినహాయింపు కోడ్ 07, లింగ మార్పు చికిత్సలు." అప్పటికి ఆయన బ్యాగు సర్దుకుని, రాత్రి నుంచి ఏమీ తినకూడదన్న సూచనల కాగితం చేతిలో పెట్టుకుని ఉన్నారు.

కోడ్ 07 ఏమిటో నాకు తెలుసు. 2019 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే మాటల్లో ఖరారు చేసిన మినహాయింపుల్లో ఏడోది. శరీర లక్షణాలను మార్చే చికిత్స ఖర్చు ఇవ్వం అని దాని సారం. ఆ మినహాయింపును ఈ గ్రూపుకు తీసేస్తున్నట్టు మీరే ఎండార్స్‌మెంట్ ఇచ్చి, అందుకే నెలకు రూ. 410 వసూలు చేస్తున్నారు. క్లెయిమ్ చూసేవారి ముందు మూల పాలసీ ఒక్కటే తెరుచుకుంటుంది, ఎండార్స్‌మెంట్ విడి కాగితంగా ఎక్కడో ఉండిపోతుంది. తప్పు ఇక్కడే జరిగిందని నా నమ్మకం. ఇది పది నిమిషాల్లో సరిదిద్దగలిగిన తప్పు. అందుకే ఈ మౌనం ఇంత మండిస్తోంది.

2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలో నిర్ణయం చెప్పాలి. మీరు 16 రోజులు తీసుకున్నారు. మీ ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ కమిటీ లేదా అందులోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమూ తిరస్కరించకూడదని కూడా అదే సర్క్యులర్ చెబుతోంది. ఈ ఫైలు ఆ కమిటీ ముందుకు ఏ రోజు వెళ్లింది? ఎవరు సంతకం పెట్టారు? అక్టోబరు 13 ఫిర్యాదులో అడిగింది ఈ రెండే. 17న "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని ఎస్ఎంఎస్ వచ్చింది. ఏం పరిష్కరించారో లేదు. తిరిగి తెరిపిస్తే 29న మళ్లీ అదే ఎస్ఎంఎస్. ఆ తర్వాత మూడు మెయిళ్లకు ఆటోమేటిక్ రిప్లై తప్ప ఏమీ లేదు.

వాయిదా అంటే క్యాలెండర్‌లో తేదీ మార్చుకోవడమే అనుకుంటున్నారేమో. మత్తుమందుకు ముందు చేసిన రక్తపరీక్షలు, ఈసీజీ, ఎక్స్‌రే నెల దాటితే ఆస్పత్రి ఒప్పుకోదు, మళ్లీ చేయించాలి. టెస్టోస్టిరాన్ వాడేవారికి రక్తం చిక్కబడే అవకాశం ఉంటుంది కాబట్టి హీమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) తాజాగా చూడకుండా సర్జన్ ముందుకు వెళ్లరు. మానసిక వైద్యుల లేఖలు ఆరు నెలలు దాటితే కొత్తవి అడుగుతారు. ఒక్కో దానికి రూ. 1,500, రెండు కావాలి. మేనేజర్‌ను బతిమాలి తెచ్చుకున్న మూడు వారాల సెలవు పోయింది. ఈలోగా ఛాతీని బిగించి కట్టే బైండర్. ఎనిమిది గంటలకు మించి వేసుకోవద్దని డాక్టర్లు చెబుతారు. తొమ్మిది గంటల షిఫ్టు, రానూపోనూ క్యాబ్ కలిపితే పన్నెండు గంటలు ఒంటి మీదే. పక్కటెముకల నొప్పితో ఆయన ఇప్పటికే రెండుసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్లారు.

ఆస్పత్రి ఈఎంఐ కౌంటర్ మాత్రం ఐదు నిమిషాల్లో జవాబిచ్చింది. లక్షా ఇరవై వేలు, ఏడాదికి 24 శాతం, రెండేళ్లు, నెలకు సుమారు రూ. 6,345. వడ్డీ ఒక్కటే 32 వేలు దాటుతుంది. నెల వాయిదా జీతంలో నాలుగో వంతు కంటే ఎక్కువ. మిగిలిన దాంట్లో అద్దె కట్టాక మొదట ఆగేది హార్మోన్ ఇంజెక్షనే. ఇలా ఆగిపోయినవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఈయన అలా కాకూడదనే ముందుచూపుతో మీ కవరు తీసుకున్నారు. 32 నెలల్లో ఒక్క క్లెయిమూ పెట్టలేదు. మీ మీద నమ్మకంతో తన ఆఫీసులో మరో ఇద్దరి చేత ఇదే కవరు తీయించారు. ఇప్పుడు వాళ్లకు ఏం చెప్పమంటారు?

2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టంలో సెక్షన్ 15 బీమా గురించి చెప్పేది ప్రభుత్వ బాధ్యత, దాన్ని మీ నెత్తిన పెట్టడం లేదు. కానీ సెక్షన్ 3 ఏ వ్యక్తీ, ఏ సంస్థా సేవల్లో వివక్ష చూపకూడదంటుంది. గుర్తింపు పత్రం ప్రకారమే అధికారిక పత్రాల్లో లింగం నమోదు కావాలన్నది సెక్షన్ 6. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి లేకపోవడానికి మీరే సంజాయిషీ చెప్పుకోవాలి.

సర్జన్ ఇచ్చిన కొత్త తేదీ డిసెంబరు 18. దానికి డిసెంబరు 8లోగా ఎండార్స్‌మెంట్ కింద అనుమతి పత్రం ఆస్పత్రికి చేరాలి. రెండోసారి చేయించే పరీక్షలు, కొత్త లేఖల ఖర్చు బిల్లులు పెట్టగానే మీరు చెల్లించాలి. కార్డులో లింగం గుర్తింపు పత్రంలో ఉన్నట్టే మార్చాలి, ఈ మార్పు సాకుగా ఇంకో ప్రశ్న రాకూడదు. ఇంకా కాదనేదుంటే కమిటీ సంతకంతో, ఎండార్స్‌మెంట్‌లోని ఏ వాక్యం ప్రకారమో చూపించి, కాగితం మీద కాదనండి.

ఇవి జరగకపోతే డిసెంబరు 9వ తేదీ ఉదయం ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో ఫిర్యాదు నమోదవుతుంది. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది కనుక నకలు స్వయంగా ఇచ్చి, ముద్ర వేయించుకుంటాను. మీకు ఇవ్వాల్సిన నెల గడువు ఎప్పుడో దాటింది కాబట్టి మీ సభ్యుడు లక్డీకాపూల్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా వివాదాలు తేల్చే అధికారి) తన సంతకంతో దరఖాస్తు చేస్తారు. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 14 కాల్స్ తేదీలు, సమయాలు, మీరిచ్చిన నంబర్లు, రెండు "పరిష్కరించబడింది" ఎస్ఎంఎస్‌లు, మూడు ప్రశ్నలు, వాటికి సర్జన్ జవాబులు అన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. ఒక సెట్టు ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

అధికార పత్రంలో రెండు ఫోన్ నంబర్లు ఇచ్చాం. ఆయన రాత్రి షిఫ్టులో ఉంటారు కనుక మధ్యాహ్నం రెండు తర్వాత చేయండి. చేసేవారు ముందు ఎండార్స్‌మెంట్ చదివి, ఆధార్‌లో ఉన్న పేరుతో ఆయన్ను పిలవాలి.

ఇట్లు,
పాలసీ సభ్యుడి తరఫున, అధికార పత్రం కలిగిన ప్రతినిధి