మినపగింజంత మచ్చను పట్టే పరీక్ష మన ఆసుపత్రుల్లోనూ జరగాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

మా కోనసీమలో కడుపులో మంటన్నా, తిన్నది అరగడం లేదన్నా మందుల షాపులో గ్యాస్ బిళ్ళ అడిగి తెచ్చుకోవడం అలవాటైపోయింది. మా అన్నయ్య రెండేళ్ళపాటు రోజూ పరగడుపున ఆ బిళ్ళే వేసుకుని కొబ్బరితోటకు వెళ్ళేవాడు. అది ఆమ్లాన్ని తగ్గించి బాధను అణచిపెడుతుందే గాని, లోపల పెరుగుతున్న జీర్ణాశయ క్యాన్సర్‌ను ఆపలేదు. ఒళ్ళు సగమయ్యాక పరీక్ష చేయిస్తే ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందన్నారు.

తోబుట్టువుకు వచ్చిన జబ్బు కనుక నేనూ ఎండోస్కోపీ, అంటే నోటి గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం వేసి కడుపు లోపల చూసే పరీక్ష, చేయించుకున్నాను. మొదట దగ్గరి పట్టణంలో గొట్టం వేసి తీయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గ్యాస్ట్రైటిస్ (జీర్ణాశయం లోపలి పొర వాపు) అని రాసిచ్చారు. మనసు ఒప్పక కొన్ని నెలలకు హైదరాబాద్ వెళ్ళాను. అక్కడ ముందుగా కడుపులోని నురగ, జిగురు పోవడానికి మందు తాగించి, జీర్ణాశయం గోడలను మూలమూలా నిదానంగా చూశారు. తరువాత డాక్టరు గారు ఫొటోలు తెర మీద చూపించారు. మామూలు వెలుగులో తీసిన ఫొటోలో నా కంటికి అంతా ఒకటే ఎరుపు. నారో బ్యాండ్ ఇమేజింగ్ అనే, ఎంచుకున్న రంగుల కాంతితోనే చూసే పద్ధతిలో తీసిన ఫొటోలో మాత్రం నాలుగు మిల్లీమీటర్ల మచ్చ, మినపగింజంత, చుట్టూ గీత గీసినట్టు గోధుమరంగులో విడిగా కనిపించింది. 415, 540 నానోమీటర్ల నీలి, ఆకుపచ్చ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ బాగా పీల్చుకుంటుంది కనుక పైపొరలోని సన్నని రక్తనాళాలు తేటగా తెలుస్తాయని, క్యాన్సర్ ఉన్నచోట వాటి అల్లిక చెదిరిపోతుందని ఆయన వివరించారు. ముక్క పరీక్షలో క్యాన్సరేనని తేలింది. పైపొర దాటలేదు కాబట్టి పొట్ట కోయకుండా ఎండోస్కోపీతోనే తీసేశారు.

జపాన్‌లో ఈ తొలి దశలోనే పట్టుబడినవారిలో నూటికి తొంభై మందికి పైగా ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. దక్షిణ కొరియాలో నలభై ఏళ్ళు నిండినవారికి రెండేళ్ళకొకసారి ప్రభుత్వమే ఈ పరీక్ష చేయిస్తోంది. మన దగ్గర జబ్బు అక్కడంత ఎక్కువ కాదు. ఊరందరికీ గొట్టం వేయమని నేను అడగడం లేదు. నెలల తరబడి అజీర్తి తగ్గనివారు, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారు, విరేచనం నల్లగా అవుతున్నవారు, ఇంట్లో ఈ క్యాన్సర్ చూసినవారు, వీరినైనా బిళ్ళలతో సరిపెట్టకుండా పరీక్షకు పంపాలి. హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 1994లోనే క్యాన్సర్ కారకంగా గుర్తించింది కనుక, దాని పరీక్ష కూడా ఈ ఎండోస్కోపీతో పాటే జరగాలి.

కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రులు నాలుగింటిలోనూ ఇలాంటి వెలుగున్న ఎండోస్కోపు, దానితో చూడడంలో శిక్షణ పొందిన వైద్యులు ఉండేలా వైద్య ఆరోగ్య శాఖ చర్య తీసుకోవాలి. పరికరం ఎంత మంచిదైనా తొందరలో చూస్తే మినపగింజంత మచ్చ దొరకదు. ఒక్కో రోగికి కనీసం ఏడు నిమిషాలు కేటాయించి, పట్టిన సమయాన్ని రిపోర్టులో రాసి, తీసిన ఫొటోలను రోగి చేతికివ్వాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అమలాపురం పరిసర గ్రామం, కోనసీమ